ప్రశ్న నర్సమ్మది కావాలి

*ఇంటింటి గడపా తెలిసిన నర్సు విశ్వవిద్యాలయంలో పరిశోధక ఆచార్యురాలు ఎందుకు కాలేకపోతోంది? బద్వేలు పల్లెల నుంచి ఒక కథనం*

బద్వేలు నాలుగు రోడ్ల కూడలి దాటి ఆటోలో కొంత దూరం పోతే లంకమల కొండలు దగ్గర పడతాయి. వేసవి. పొద్దున తొమ్మిదికే ఎండ అరుగుల మీదికి ఎక్కింది. వేపచెట్టు నీడలో మంచం వాల్చుకుని కూర్చున్న ముసలావిడ చేతికి ఏఎన్‌ఎం నర్సమ్మ బీపీ పట్టీ చుట్టింది.

"ఏందవ్వా, మాత్రలు సరిగ్గా ఏసుకుంటాండావా?"

"ఏసుకుంటాండాలే పాపా."

మిషను మాత్రం వేరే మాట చెప్పింది. పైది 170, కిందిది 100. నర్సమ్మ గద్దించలేదు. పట్టీ విప్పి మంచం అంచున కూర్చుంది. కోడలి సంగతి, కువైట్‌లో ఉన్న కూతురి సంగతి అడిగింది. కాసేపటికి అవ్వే నోరు విప్పింది.

"నిండు మాత్ర ఏసుకుంటే ఎండలో తల తిరుగుతాది పాపా. ఉపాధి పనికాడ ఒకసారి పడబోయినా. అందుకే పనికి పోయే దినం సగమే ఏసుకుంటా. పని ల్యాకుంటే నిండుది."

నర్సమ్మ చేతిలో ట్యాబు ఉంది. సర్వే యాప్ అడిగింది ఒక్కటే: మందులు వాడుతున్నారా? అవును, కాదు. ఆమె 'అవును' నొక్కి పక్కింటికి నడిచింది. ఇంకా చాలా ఇళ్ళున్నాయి.

అవ్వ చెప్పిన ఆ నాలుగు మాటల్లో ఒక పరిశోధన ఉంది. ఎండలో కూలి చేసే మనిషికి రక్తపోటు మందు ఏ పూట వేస్తే మేలు? మోతాదు వేసవికీ వానాకాలానికీ ఒకటేనా? ఎంతమంది ఇలా సగం మాత్రతో నెట్టుకొస్తున్నారు? వాళ్ళలో పక్షవాతం ఎందరికి వస్తోంది? మెట్ట సీమలో పుట్టిన ప్రశ్నలివి. చల్లని గదిలో కూర్చుని ప్రశ్నావళి తయారుచేసే వాళ్ళకు తట్టేవి కావు. నర్సమ్మకు తట్టాయి. ఆమె ట్యాబులో గానీ, ఉద్యోగంలో గానీ వాటికి చోటు లేదు.

సమ్మెలో వినిపించని మాట

నర్సుల గురించి ఈమధ్య రాష్ట్రంలో చాలా మాట్లాడుకున్నాం. విలేజ్ క్లినిక్కుల్లో పనిచేసే సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు) 2025లో రోడ్డెక్కినప్పుడు జీతాలు, ఉద్యోగ భద్రత చర్చకు వచ్చాయి. వాళ్ళంతా బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళే. సుమారు 2,500 జనాభాకు ఒక క్లినిక్ చొప్పున పది వేలకు పైగా కేంద్రాలను నడుపుతున్నారు. అంతకు ముందు 2023లో, కొత్తగా వచ్చిన వైద్య కళాశాలల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెడతామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏడాదే 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది.

సీట్లు, జీతాలు, చట్టం అన్నీ చర్చకొచ్చాయి. నర్సింగ్‌లో పరిశోధన ఎవరు చేయాలన్న మాట మాత్రం ఎక్కడా గట్టిగా వినిపించలేదు. ఈ కథనం దాని గురించే.

ఇంటర్ బైపీసీ ఫలితాలొచ్చిన వారం బద్వేలులో ఏ ఇంటికి పోయినా ఇదే మాట: "ఎంబీబీఎస్ సీటు రాకపోతే నర్సింగ్‌లో చేర్పిద్దాం, ఉద్యోగం గ్యారంటీ." అది నిజమే. నాలుగేళ్ళ బీఎస్సీ పూర్తయిన అమ్మాయి ముందు దారులు చాలానే ఉన్నాయి. ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఆఫీసరు కావడానికి నార్‌సెట్ రాయొచ్చు. మొదటి మూల వేతనమే 44,900 రూపాయలు. చెన్నై, బెంగళూరు కార్పొరేట్ ఆస్పత్రులు పిలుస్తాయి. గల్ఫ్ పరీక్షలున్నాయి, బ్రిటన్‌కు ఓఈటీ ఇంగ్లిషు పరీక్ష ఉంది, జర్మనీకి పోవాలంటే జర్మన్ నేర్పే కేంద్రాలున్నాయి. ఈ దారులన్నీ తల్లిదండ్రులకు తెలుసు, బస్టాండు దగ్గర కోచింగ్ బోర్డులకూ తెలుసు.

"మా పాప నర్సింగ్‌లో పీహెచ్‌డీ చేసి, జనారోగ్యం మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ అవుతుంది" అనే ఇల్లు మాత్రం కనపడదు. అది ఊహకు అందని కోరికేమీ కాదు. అలాంటి మనిషిని ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు, అంతే.

> చదువు మెట్లు
>
> ఏఎన్‌ఎం: 2 ఏళ్ళు. జీఎన్‌ఎం: 3 ఏళ్ళు. బీఎస్సీ నర్సింగ్: 4 ఏళ్ళు. ఎమ్మెస్సీ: 2 ఏళ్ళు. కమ్యూనిటీ హెల్త్, మెడికల్ సర్జికల్, పిల్లల నర్సింగ్, ప్రసూతి, మానసిక ఆరోగ్యం ఎమ్మెస్సీలోని విభాగాలు.
>
> మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ 1946లో ఢిల్లీ, వెల్లూరుల్లో మొదలైంది. ఎమ్మెస్సీ 1959లో ఢిల్లీలో వచ్చింది. పీహెచ్‌డీ కోసం ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి జాతీయ కన్సార్టియం ఏర్పాటు చేసింది ఈ శతాబ్దంలోనే.

మదనపల్లె నేర్పిన పాఠం

జనం మధ్యకు వెళ్ళి ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించడం రాయలసీమకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు కడప జిల్లాలోనే ఉండిన మదనపల్లె తాలూకాలో, ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో తలుపులు తెరిచింది. మన దేశంలో బీసీజీ టీకా 1948లో మొదలైంది మదనపల్లెలోనే. ఆ తర్వాత డాక్టర్ యొహాన్నెస్ ఫ్రిమోత్-మోలర్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో 1950 నుంచి 1955 దాకా క్షయను వెంబడించింది. ఆస్పత్రికి వచ్చిన రోగులతో సరిపెట్టుకోలేదు. ఊళ్ళకు ఊళ్ళే పరీక్షించారు. మళ్ళీ అవే గడపలు తొక్కారు. ఆ ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. ఒక దక్షిణ భారత గ్రామీణ జనాభాలో క్షయ ఎలా పుడుతుంది, ఎలా పాకుతుందన్నది ప్రపంచం చదివింది మన మెట్ట పల్లెల నుంచే.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది పద్ధతి. అవే ఊళ్ళు, అవే గడపలు, ఏళ్ళ తరబడి. ఇది నర్సింగ్ స్వభావానికి ఎంతో దగ్గరి పని. డాక్టరు రోగిని గదిలో చూస్తాడు. ఫీల్డు నర్సు ఇంట్లో చూస్తుంది, నీళ్ళ బిందె పక్కన, పొయ్యి పక్కన.

ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా లెక్కల మనిషే. 1858లో బ్రిటన్ స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన తొలి మహిళ ఆమె. భారతదేశానికి ఒక్కసారీ రాలేదు. అయినా ఇక్కడి సైనిక శిబిరాల మరణాల లెక్కలు తెప్పించుకుని చదివింది. 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్ళారి మలమల మాడిపోయినప్పుడు, ఆరోగ్యం మందుసీసాలో ఉందని ఆమె అనలేదు. నీళ్ళివ్వండి, కాలువలు తవ్వండని కాటన్ దొర పక్షాన వాదించింది. ఒక నర్సు సేద్యపు నీటి గురించి పాలకులతో తగవుపడిందంటే ఈనాటి నర్సింగ్ విద్యార్థికి వింతగా ఉండొచ్చు. జనాభా ఆరోగ్యం అనే మాటకు అసలు తాత్పర్యం అదే: రోగం ఎక్కడ పుడుతోందో అక్కడిదాకా పోయి అడగడం.

కలివికోడి ఎవరికి తెలుసు?

బద్వేలు వాళ్ళకు ఈ కథ కొత్త కాదు. అయినా ఇక్కడ చెప్పాలి. 1900 తర్వాత కలివికోడి అనే ఈ ప్రాంతపు పక్షిని చూసినట్టు చాలాకాలం ఆధారం దొరకలేదు. అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ బృందం వెతుకులాటలో ఉండగా, రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చింది స్థానిక వేటగాడు ఐతన్న. ఆ పక్షి ఏ పొదల్లో తిరుగుతుందో అతనికి తెలుసు. శాస్త్రానికి తెలియదు, అడవికి పోయే మనిషికి తెలుసు. ఐతన్న పేరు నేటికీ చెప్పుకుంటున్నాం, అది సంతోషమే.

అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతంలో ఫ్లోరోసిస్ కథా ఇలాంటిదే. మన దేశంలో ఆ జబ్బును మొదట నమోదు చేసింది అక్కడే, 1937లో, షార్ట్ బృందం. అంతకు కొన్నేళ్ళ ముందే దుక్కిటెద్దుల కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులు గమనించారని చెబుతారు.

ముందు తెలిసేది దగ్గరుండే వాళ్ళకే. తెలిసినదాన్ని ఆధారంగా మార్చే చదువు, సమయం, పదవి మాత్రం ఇంకొకరి చేతిలో ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే మనిషిలో కలపగల వృత్తి ఏదైనా ఉందంటే అది నర్సింగే. ఆమెకు శరీర శాస్త్రం తెలుసు, మందులు తెలుసు, గడప లోపల జరిగేదీ తెలుసు. అలాంటి మనిషి చేత మనం సమాచారం ఏరించుకుంటున్నాం గానీ ప్రశ్న వేయనివ్వడం లేదు.

గోదావరి జిల్లాల అనుభవం చూడండి. 2003-04లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ 45 గ్రామాల్లో, దాదాపు 1,80,000 జనాభాలో ఏడాది పాటు ప్రతి చావునూ లెక్కించింది. 1,354 మరణాలు. శిక్షణ పొందిన ప్రాథమిక ఆరోగ్య కార్యకర్తలు చనిపోయిన వాళ్ళ ఇళ్ళకు పోయి, చివరి రోజుల్లో ఏమైందో ఇంటివాళ్ళను ఓపికగా అడిగి రాసుకొచ్చారు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధుల వాటా 12 శాతమే. పల్లెటూళ్ళలో అంటురోగాలే చంపుతాయన్న నమ్మకాన్ని ఆ లెక్క తలకిందులు చేసింది. ఏడుస్తున్న ఇంట్లో కూర్చుని ఆ మాటలు రాబట్టిన కార్యకర్తల నేర్పు లేకపోతే ఆ లెక్కే లేదు.

అరవై మంది, ఒక ప్రశ్నావళి

మరి నర్సింగ్ కాలేజీల్లో పరిశోధన జరగడం లేదా? జరుగుతోంది, ఏటా జరుగుతోంది. ఎమ్మెస్సీ చేసే ప్రతి అమ్మాయీ థీసిస్ రాయాలి. ఏ కాలేజీ లైబ్రరీలోనైనా ఆ బైండు పుస్తకాల వరస చూడండి. ఫలానా ఊళ్ళో ఫలానా జబ్బుపై తల్లులకున్న అవగాహన, దానిపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం. నమూనా అరవై మంది. ముందు ఒక పరీక్ష, చార్టు చూపించి పాఠం, వారం తర్వాత మళ్ళీ పరీక్ష. మార్కులు పెరిగాయి. పాఠం చెబితే మార్కులు పెరుగుతాయని మనకు ముందే తెలుసు.

ఆ పిల్లల తప్పు కాదిది. ఫీల్డుకు ఇచ్చే గడువు కొన్ని వారాలు. సినాప్సిస్, ఎథిక్స్ కమిటీ, టూల్ వ్యాలిడేషన్, పైలట్ స్టడీ అన్నీ దాటేసరికి చేతిలో మిగిలే సమయానికి అంతకంటే పెద్దది పట్టదు. గైడుకు క్లాసులు, వార్డు పోస్టింగులు, పరీక్షల డ్యూటీలు. ఆ గైడు కూడా ఇలాంటి థీసిస్సే రాసి వచ్చిన మనిషి. నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ పదవికి నిబంధనల్లో అడిగేది ఎమ్మెస్సీ, బోధనానుభవం. పీహెచ్‌డీ ఉంటే మంచిదంటారు, అంతే. పరిశోధన చేసినా చేయకపోయినా పదోన్నతిలో తేడా లేనప్పుడు, ఇంట్లో పిల్లలు నిద్రపోయాక లాప్‌టాప్ తెరిచి పేపర్ రాయమని ఎవరికి చెప్పగలం?

ఇంకో చిక్కు డబ్బు. ప్రాజెక్టు నిధి వస్తే ప్రధాన పరిశోధకుడి స్థానంలో దాదాపుగా డాక్టరు పేరే ఉంటుంది. నర్సు 'ఫీల్డు కోఆర్డినేటర్' అవుతుంది. పేపరు అచ్చయినప్పుడు చివర్లో కృతజ్ఞతల్లో ఒక వాక్యం. డాక్టర్ల మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఈ అమరిక మాత్రం అన్యాయమని అనుకుంటాను. ఎందుకంటే నష్టపోతున్నది నర్సు ఒక్కతే కాదు, వేపచెట్టు కింది అవ్వ కూడా.

తెలివైన అమ్మాయి లెక్క వేసుకుంటుంది. ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ట్యూటరుగా చేరితే వచ్చేదెంత, నార్‌సెట్ కొడితే వచ్చేదెంత, రియాద్ పోతే వచ్చేదెంత? ఇంటి అప్పు ఉంది, చెల్లెలి చదువు ఉంది. ఆమె రియాద్ పోతుంది. కడప జిల్లా నుంచి గల్ఫ్‌కు ఇంటిపనికి పోయిన తల్లుల కూతుళ్ళు నర్సులుగా అదే దారి పట్టడం ఒక తరం ఎదుగుదలే. దాన్ని చిన్నచూపు చూడకూడదు. ఇక్కడ ఉండిపోవడానికి తగిన పదవి ఒక్కటైనా చూపకుండా "మన పిల్లలు వెళ్ళిపోతున్నారు" అని వాపోవడం మాత్రం తగదు.

> పెన్సిల్వేనియా నర్సు వేసిన ప్రశ్న
>
> లిండా ఐకెన్ నర్సు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు. ఒక నర్సుకు ఎంతమంది రోగులు ఉండాలన్నది ఆమె ప్రశ్న. 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆమె బృందం అధ్యయనం 9 ఐరోపా దేశాల్లో 300 ఆస్పత్రులను, నాలుగు లక్షలకు పైగా శస్త్రచికిత్స రోగులను చూసింది. నర్సుపై ఒక్క రోగి భారం అదనంగా పడితే, 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం ఎక్కువున్న చోట ఆ అవకాశం 7 శాతం తక్కువ.

గ్రాంటు మీద నిలిచే కుర్చీ

అమెరికా విశ్వవిద్యాలయాల్లో నర్సింగ్, జనాభా ఆరోగ్యం విభాగాల్లో 'రీసెర్చ్ ఫ్యాకల్టీ' అనే వరసే వేరుగా ఉంది. పాఠాలు తక్కువ, పరిశోధనే ప్రధాన ఉద్యోగం. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల్లో నర్సింగ్ పరిశోధనకే ఒక కేంద్రం 1986లో ఏర్పడి, 1993లో పూర్తిస్థాయి సంస్థ అయింది. నిధులకు నర్సు నేరుగా తన పేరుతో దరఖాస్తు చేసుకుంటుంది. గృహ సందర్శనలు, బాలింతల ఆరోగ్యం, వృద్ధుల సంరక్షణ, మందులు సక్రమంగా వాడటం వాళ్ళ అంశాలు. మన ఏఎన్‌ఎం రోజూ చేసే పనే అక్కడ పరిశోధనాంశం.

అదేమీ పూలబాట కాదు. ఆ కుర్చీకి జీతం చాలావరకు గ్రాంటు నుంచే వస్తుంది. గ్రాంటు ఆగితే కుర్చీ కదులుతుంది. కొన్నేళ్ళకోసారి కొత్త దరఖాస్తు, కొత్త ఆందోళన. కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోమని నేను అనను. తెచ్చుకోవాల్సింది ఒక్కటే: ప్రశ్న వేసే హక్కు నర్సు ఉద్యోగంలో భాగం కావడం.

మన దగ్గరా తలుపులు పూర్తిగా మూసి లేవు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో నర్సింగ్ పట్టభద్రులు ఎంపీహెచ్ చదవొచ్చు. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఆ నగరంలోనే ఉంది. తిరుపతిలో స్విమ్స్ స్వయంగా విశ్వవిద్యాలయం, దానికి నర్సింగ్ కళాశాల ఉంది. కడపలో రిమ్స్, యోగి వేమన విశ్వవిద్యాలయం ఒకే ఊళ్ళో ఉన్నాయి. బద్వేలు నుంచి చూస్తే ఇవేవీ పరాయి దేశాలు కావు.

ఒకే మండలం, పదేళ్ళు

కొత్త భవనం కట్టకుండానే మొదలుపెట్టగల పని ఒకటి నాకు కనపడుతోంది. కమ్యూనిటీ హెల్త్ ఎమ్మెస్సీ థీసిస్‌లు ఇప్పుడు తలో ఊళ్ళో తలో అరవై మందితో ముగుస్తున్నాయి. వాటిని కలపాలి. బద్వేలు చుట్టుపక్కల ఒక మండలాన్ని ఎంచుకుని, మన రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల విద్యార్థులు ఏటా అక్కడికే రావాలి. ఈ ఏడు అమ్మాయి గర్భిణుల రక్తహీనత మీద పనిచేస్తే, వచ్చే ఏడు అమ్మాయి అదే తల్లుల బిడ్డల్ని తూకం వేయాలి. మూడో ఏడు మరొకరు బీపీ మాత్రల సంగతి ఎత్తుకోవాలి. పదేళ్ళకు ఆ ఊళ్ళ ఆరోగ్య చరిత్ర ఒకటి తయారవుతుంది. మదనపల్లెలో ఐదేళ్ళు చేసి చూపించిందే ఇది.

ఈ ప్రశ్నల్లో ఒక్కదాని బరువు చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ మాత్రలు ఉచితంగానే ఇస్తున్నాం. పంచిన మాత్రల లెక్క మన దగ్గర ఉంది. మింగినవెన్ని? కడుపులో తిప్పుతుందని పారేసినవెన్ని, బిడ్డ నల్లగా పుడతాడని అత్త దాచేసినవెన్ని? ఇది నర్సమ్మలకు ఊరూరా తెలుసు. కాగితం మీద లేదు.

ఈ పదేళ్ళ పనికి కావాల్సినవి మూడు. అక్కడి సీహెచ్‌ఓలు, ఏఎన్‌ఎంలు సహ పరిశోధకులుగా ఉండాలి, పేపరు మీద వాళ్ళ పేర్లు ఉండాలి. ఊరివాళ్ళకు ఫలితం తెలుగులో తిరిగి చెప్పాలి. ఎందుకంటే ఏళ్ళ తరబడి వచ్చి రక్తం తీసుకుపోయి ఏమీ చెప్పని వాళ్ళను మూడో ఏడు గడప తొక్కనివ్వరు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ పనికి సారథ్యం వహించే నర్సింగ్ ఆచార్యురాలి పోస్టు ఒకటి ఉండాలి. సగం వారం విశ్వవిద్యాలయంలో, సగం వారం పీహెచ్‌సీలో పనిచేసే పోస్టు. విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ నిర్ణయించిన మొదటి మూల వేతనం 57,700 రూపాయలు. దాన్ని ఆమెకు ఇస్తే నార్‌సెట్ రాసే అమ్మాయి ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తుంది.

ఇంట్లో అమ్మాయిని నర్సింగ్‌లో చేర్చబోతున్న తల్లిదండ్రులకూ ఒక మాట. ఫీజెంత, హాస్టల్ ఎలా ఉంది, క్యాంపస్ ఇంటర్వ్యూలు ఉన్నాయా అని ఎలాగూ అడుగుతారు. వాటితో పాటు ఇంకో రెండు అడగండి. మీ కాలేజీలో పీహెచ్‌డీ ఉన్న టీచర్లు ఎందరు? పోయినేడు మీ విద్యార్థులు రాసిన థీసిస్‌లలో పత్రికలో అచ్చయినవి ఏవి? వాటిలో ఒకటి తెప్పించుకుని మీ పాప చేత అక్కడే చదివించుకోండి.